ఆర్గానిక్ ఊలుతో టోపీ, మఫ్లర్ అల్లాలా? ముందు చేతి తొడుగులు అల్లండి

ఊలు సూదులు కొత్తగా చేతికి తీసుకున్నవాళ్ళకు దాదాపు అందరూ ఇచ్చే సలహా ఒకటే, మఫ్లర్‌తో మొదలుపెట్టు, పొడుగ్గా అల్లుకుంటూ పోవడమే కదా అని. యాక్రిలిక్ ఊలు అయితే ఆ సలహాతో నాకు పేచీ లేదు. కానీ ఆర్గానిక్ ఊలు కొన్నవాళ్ళు మాత్రం దయచేసి ముందే మఫ్లర్ జోలికి వెళ్ళకండి, ఎందుకంటే ఈ ఊలు సూదుల మీద ఉన్నప్పుడు ఒకలా ఉంటుంది, నీళ్ళలో పడి ఆరాక ఇంకోలా ఉంటుంది, ఆ తేడా ఎంతో తెలియకుండా నెలరోజులు కూర్చుని అల్లిన మఫ్లర్ చివరికి ఉతికాక సాగిపోయి మోకాళ్ళ దాకా వేలాడితే ఆ బాధ చెప్పుకునేది కాదు. నాలుగైదు రోజుల్లో అయిపోయే చిన్న వస్తువు ఒకటి అల్లి, ఉతికి, ఆరబెట్టి, వేసుకుని చూడండి. వేళ్ళు బయటికి ఉండే చేతి తొడుగుల జత దానికి సరిగ్గా సరిపోతుంది. తర్వాత టోపీ, ఆ తర్వాతే మఫ్లర్. ఈ వరుసలోనే చెప్తాను.

నేనిది నేర్చుకున్నది ఒక టోపీ పోగొట్టుకుని. మా నాన్న ఆదిలాబాద్‌లో ఉంటారు, డిసెంబరు, జనవరిలో అక్కడ రాత్రి చలి పది డిగ్రీల లోపలికి దిగిపోతుంది, ఆయన మాత్రం తెల్లారుజామున ఐదింటికే నడకకు వెళ్ళాల్సిందే. ఆయనకోసం మంచి ఆర్గానిక్ మెరీనో (మెత్తటి ఉన్ని ఇచ్చే ఒక గొర్రెజాతి) ఊలు తెప్పించి, బూడిదరంగు టోపీ ఒకటి పది రోజులు కష్టపడి అల్లి పంపాను. రెండు వారాలు చాలా ఇష్టంగా పెట్టుకున్నారు. తర్వాత ఇంట్లో బట్టలతో పాటు అది కూడా వాషింగ్ మెషీన్‌లోకి వెళ్ళింది. బయటికి వచ్చేసరికి కుట్లు కనబడకుండా కలిసిపోయి, అట్టలా గట్టిపడి, మూడేళ్ళ పిల్లాడికి కూడా పట్టనంత చిన్నదైపోయింది. నాన్న ఫోన్‌లో చాలాసేపు ఆ టోపీ గురించే మాట్లాడారు, ఎవరో చనిపోయినంత నెమ్మదిగా. తప్పు ఆయనది కాదు, ఆ ఊలు సంగతి తెలిసి కూడా చెప్పకుండా పంపిన నాది. అందుకే ఇప్పుడు అల్లిక గురించి ఎంత చెప్తానో ఉతకడం గురించి కూడా అంతే చెప్తాను.

ముందు ఊలు సంగతి

మన ఊళ్ళ దుకాణాల్లో ఊలు పేరుతో దొరికే ఉండల్లో చాలావరకు యాక్రిలిక్, అంటే ఒకరకం ప్లాస్టిక్ దారమే. అది చెడ్డదని కాదు, చవక, రంగులు బావుంటాయి, మెషీన్‌లో వేసినా ఏమీ కాదు. కానీ చెమట పీల్చదు, గొర్రె ఉన్ని ఇచ్చే వెచ్చదనం ఇవ్వదు. అసలైన ఉన్ని తన బరువులో దాదాపు మూడోవంతు తేమను లోపలికి పీల్చుకుని కూడా చేతికి తడి తగలనివ్వదు, అందుకే పొద్దున్నే మంచులో నడిచేవాళ్ళకి దానికి మించింది లేదు.

ఇక ఆర్గానిక్ అంటే ఏమిటి? గొర్రెలు మేసే మేత దగ్గర్నుంచి లెక్క. పురుగుమందులు కొట్టని మేత, ఒంటిమీద పురుగు చేరకుండా గొర్రెల్ని రసాయనాల తొట్లలో ముంచే పని లేకపోవడం, మందల్ని ఇరుకులో కుక్కకపోవడం. ఆస్ట్రేలియాలో మెరీనో గొర్రెపిల్లలకు ఈగలు గుడ్లు పెట్టకుండా తోక చుట్టూ చర్మం కోసేసే పద్ధతి ఒకటి ఉంది, మ్యూల్సింగ్ అంటారు, ఆర్గానిక్ పెంపకంలో దానికి చోటు లేదు. నాకు సంబంధించినంతవరకు ఆ ఒక్క కారణం చాలు, డబ్బు ఎక్కువ పెట్టడానికి.

లేబుల్ మీద గాట్స్ అనే గుర్తు ఉందో లేదో చూడండి, అది గ్లోబల్ ఆర్గానిక్ టెక్స్‌టైల్ స్టాండర్డ్ వాళ్ళది. దాంట్లో రెండు మెట్లున్నాయి. ఉత్త ‘ఆర్గానిక్’ అని ఉంటే పోగుల్లో కనీసం 95 శాతం ఆర్గానిక్, ‘ఆర్గానిక్‌తో తయారైనది’ అని ఉంటే కనీసం 70 శాతం. గుర్తుతో పాటు సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థ పేరు, లైసెన్సు నంబరు కూడా ఉండాలి, ఆ నంబరు వాళ్ళ వెబ్‌సైట్‌లో కొట్టి చూసుకోవచ్చు. ఉత్త ఆకుపచ్చ ఆకు బొమ్మ, ‘నేచురల్’ అన్న మాట చూసి కొనేయకండి. నేనొకసారి అలాగే ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర నాలుగు ఉండలు కొన్నాను, చేతికి రాగానే అనుమానం వచ్చి చిన్న ముక్క కాల్చి చూస్తే కరిగి నల్లటి పూసలా గట్టిపడింది. గొర్రె ఉన్ని అలా కరగదు. వెంట్రుక కాలిన వాసన వస్తుంది, మంట తీసేయగానే ఆరిపోతుంది, మిగిలిన మసి వేళ్ళతో నలిపితే పొడి అయిపోతుంది. వంటింట్లో స్టీలు ప్లేటు మీద, పట్టకారుతో పట్టుకుని కాల్చి చూడండి, పిల్లలు దగ్గర లేనప్పుడు. ఈ పరీక్ష అది ఉన్ని అవునో కాదో మాత్రమే చెప్తుంది సుమా, ఆర్గానిక్ అవునో కాదో చెప్పదు, దానికి ఆ లైసెన్సు నంబరే దిక్కు.

ఇంకో మాట కూడా లేబుల్ మీద వెతకాలి, ‘సూపర్‌వాష్’. ఉన్ని పోగును బాగా పెద్దది చేసి చూస్తే చేప ఒంటిమీద ఉన్నట్టు పొలుసులుంటాయి. వేడినీళ్ళు, సబ్బు, రాపిడి మూడూ కలిస్తే ఆ పొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుని ఇక వదలవు, మా నాన్న టోపీకి జరిగింది అదే. సూపర్‌వాష్ ఊలులో సాధారణంగా ఆ పొలుసుల్ని క్లోరిన్‌తో అరగదీసి, పైన పలచగా ఒక ప్లాస్టిక్ పూత వేస్తారు, అందుకే అది మెషీన్‌కి తట్టుకుంటుంది. ఆర్గానిక్ ఊలుకు ఆ క్లోరిన్ పద్ధతి పనికిరాదు. పొలుసులు పొలుసుల్లాగే ఉంటాయి. దీన్ని లోపమని చాలామంది అంటారు గానీ, కొత్తగా నేర్చుకునేవాళ్ళకి అదే పెద్ద సాయం. ఎలాగో తర్వాత చూపిస్తాను.

గుచ్చుకునే సంగతి కూడా కొనేముందే చూసుకోవాలి. ఉన్ని పోగు మందాన్ని మైక్రాన్లలో చెప్తారు, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. మన తలవెంట్రుక 50 నుంచి 100 మైక్రాన్ల మధ్య ఉంటుంది, మెత్తటి మెరీనో 20 లోపు. 30 దాటిన పోగులు ఎక్కువైనకొద్దీ మెడమీద గుచ్చుతుంది. తెలంగాణలో కురుమలు దక్కనీ గొర్రెల నల్ల ఉన్నితో నేసే గొంగడి తెలుసు కదా, ఆ ఉన్ని ముతక, వానకీ చలికీ అడ్డంగా కప్పుకోవడానికి దాన్ని మించింది లేదు, కానీ దాంతో మఫ్లర్ అల్లితే మెడ ఎర్రబడిపోతుంది. అలాంటి దారం చేతికి దొరికితే సంచి అల్లండి, చెప్పుల్లో వేసుకునే పొరలు అల్లండి, బ్రహ్మాండంగా ఉంటాయి. (ఆంధ్రావైపు నెల్లూరు గొర్రెల్ని చూసి ఉన్ని అడక్కండి, వాటి ఒంటిమీద ఉండేది పొట్టి వెంట్రుకలే.) దుకాణంలో కొనేటప్పుడైతే ఉండను చొక్కా కాలరు లోపల మెడకి ఆనించి ఐదు నిమిషాలు ఉంచుకోండి. అరచేతికి మెత్తగా ఉన్నది మెడకి మెత్తగా ఉంటుందని నమ్మకం లేదు.

మొదటిసారికి మధ్యరకం మందం తీసుకోండి, వర్‌స్టెడ్ అని రాసి ఉంటుంది, 100 గ్రాముల్లో సుమారు 180 నుంచి 200 మీటర్ల దారం వస్తుంది. లేత రంగు గానీ, రంగు వెయ్యని బూడిదరంగు గానీ అయితే కుట్లు కంటికి కనిపిస్తాయి. నలుపు తీసుకుంటే రాత్రి ట్యూబులైటు కింద ఏ కుట్టు ఎక్కడుందో తెలియక టెన్షన్ పడతారు. మరీ ఎక్కువ శుద్ధి చెయ్యని ఊలులో అక్కడక్కడా గడ్డిపరకలు తగులుతాయి, కొంచెం గొర్రె వాసన కూడా ఉండొచ్చు. పరకల్ని అల్లుతూ అల్లుతూ గోటితో తీసేయండి చాలు. ముందే కూర్చుని ఉండంతా వెతకడం గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరుకున్నట్టే.

సూదుల నంబర్లు, ఒక చిక్కు

మనదేశంలో దొరికే చాలా సూదుల మీద పాత బ్రిటిష్ నంబర్లుంటాయి, నంబరు పెరిగేకొద్దీ సూది సన్నం. అమెరికా నంబర్లు దానికి తలకిందులు. మన 8వ నంబరు 4 మిల్లీమీటర్లు, అమెరికా 8 అంటే 5 మిల్లీమీటర్లు. మన 6వ నంబరు 5 మిల్లీమీటర్లు, అమెరికా 6 అంటే 4. అంటే అక్కడున్న అక్క పంపిన ప్యాటర్న్ చూసి ఇక్కడ సూది కొంటే మొత్తం తారుమారే. నంబరు పక్కన పెట్టి మిల్లీమీటర్లు ఒక్కటే చూడండి. మన పనికి 5 మిల్లీమీటర్ల సూదుల జత, మొన మొద్దుగా, బెజ్జం పెద్దగా ఉండే ఊలు సూది (దబ్బనం వద్దు, అది దారాన్ని చీల్చేస్తుంది), కత్తెర, టేపు, జారిన కుట్టు ఎత్తడానికి కొన వంకీగా ఉండే క్రోషా సూది ఒకటి, ఇవి చాలు. వెదురు సూదులు కుట్టును జారనివ్వవు, కొత్తవాళ్ళకి మంచివి. కానీ ఊలు మరీ గరుగ్గా ఉంటే వెదురు మీద అస్సలు కదలదు, అప్పుడు స్టీలు సూదులే హాయి.

ఊలు ఉండలా కాకుండా చిలపగా, అంటే పొడుగాటి దారపు చుట్టలా వస్తే దాన్నుంచే నేరుగా అల్లకండి. విప్పి ఇంట్లో ఎవరి రెండు చేతులకైనా తగిలించి, లేదంటే కుర్చీ వీపుకి వేసి, వదులుగా ఉండ చుట్టుకోండి. బిగించి చుడితే దారం సాగి, అల్లాక మళ్ళీ ముడుచుకుంటుంది.

కుట్లు

వీడియో చూసి నేర్చుకోవడమే తేలిక, అయినా మాటల్లో చెప్తాను, చూసేటప్పుడు అర్థమవుతుంది. జారుముడి ఒకటి వేసి ఎడమ సూదికి తొడగండి. కుడి సూది మొనను ఆ కుట్టులోకి ముందునుంచి వెనక్కి దూర్చి, వెనకున్న దారాన్ని మొనకు చుట్టి, ఆ చుట్టును కుట్టులోంచి ముందుకు లాక్కోండి. పాత కుట్టును జార్చేస్తే అది నిట్. జార్చకుండా ఆ కొత్త కుట్టును తిప్పి ఎడమ సూదికే తొడిగితే ఒక కుట్టు ఎక్కినట్టు. కావలసినన్ని ఇలా ఎక్కించుకోవచ్చు. పర్ల్ అంటే దారం ముందువైపు ఉంచుకుని, మొనను వెనకనుంచి ముందుకు దూర్చి, చుట్టి, వెనక్కి లాగి, జార్చడం. పెద్దవాళ్ళు కొందరు వీటినే సీదా, ఉల్టా అంటారు. చివర్లో మూసేయడానికి రెండు కుట్లు అల్లి, మొదటిదాన్ని రెండోదాని మీంచి ఎత్తి కింద పడేయాలి, మళ్ళీ ఒకటి అల్లాలి, మళ్ళీ ఎత్తాలి, అంతే.

మా అత్తయ్య నరసాపురం దగ్గరి ఊరి మనిషి, చిన్నప్పటినుంచి లేసు అల్లినవారు. క్రోషా సూది తప్ప జంట సూదులు ఎప్పుడూ పట్టలేదు, అయినా నేను అల్లుతుంటే చూసి మొదట అన్న మాట, ‘దారాన్ని లాగకమ్మా, వేలి మీంచి పోనీ’ అని. ఎడమచేతి చూపుడువేలికి దారాన్ని ఒక చుట్టు తిప్పి, చిటికెనవేలి సందులోంచి పోనిచ్చి చూపించారు. ఆ రోజునుంచి నా కుట్లన్నీ ఒకే కొలతలోకి వచ్చాయి. లేసు అల్లిక వచ్చినవాళ్ళు మీ ఇంట్లో ఉంటే పక్కన కూర్చోబెట్టుకోండి, సూదులు వేరైనా చెయ్యి ఒకటే.

ముక్క అల్లి ఉతకండి

ఎంత తొందరున్నా ఈ పని మానొద్దు. 24 కుట్లు ఎక్కించి, ఒక వరుస నిట్, ఒక వరుస పర్ల్ వేసుకుంటూ 13 సెంటీమీటర్ల చదరం ముక్క అల్లి, మధ్యలో 10 సెంటీమీటర్లకు ఎన్ని కుట్లు వచ్చాయో లెక్కపెట్టి రాసుకోండి. తర్వాత దాన్ని గోరువెచ్చని నీళ్ళలో పావుగంట నానబెట్టి, తువ్వాలులో అద్ది, పరిచి ఆరబెట్టి, మర్నాడు మళ్ళీ లెక్కపెట్టండి. రెండో లెక్కే అసలు లెక్క. నా బూడిదరంగు ఊలులో ముందు 19 కుట్లు వచ్చాయి, ఉతికాక 18. ఒక్క కుట్టే కదా అనుకుంటారు. 90 కుట్ల టోపీకి 10 సెంటీమీటర్లకు 18 చొప్పున అయితే చుట్టుకొలత 50 సెంటీమీటర్లు, 20 వస్తే 45, 16 వస్తే 56 దాటుతుంది. ఒకటి తలకి పట్టదు, ఇంకోటి కళ్ళమీదికి జారుతుంది. కుట్లు ఎక్కువ వస్తున్నాయంటే అరమిల్లీమీటరు లావు సూది తీసుకోండి, తక్కువైతే సన్నది. కింద నేనిచ్చే లెక్కలన్నీ ఉతికాక 10 సెంటీమీటర్లకు 18 కుట్లు, 24 వరుసలు వచ్చే ఊలుకి.

ఆ ముక్కను పారేయకండి, దాంతో చివర్లో ఇంకో పని ఉంది.

చేతి తొడుగులు

50 గ్రాముల ఊలు జతకి సరిపోతుంది. 38 కుట్లు ఎక్కించండి. మొదటి వరుస: రెండు నిట్, రెండు పర్ల్, అలా చివరిదాకా, ఆఖరున రెండు నిట్ మిగులుతాయి. రెండో వరుస: రెండు పర్ల్, రెండు నిట్, ఆఖరున రెండు పర్ల్. ఈ రెండు వరుసలే మళ్ళీ మళ్ళీ, 18 సెంటీమీటర్లు వచ్చేదాకా. గీతలు గీతలుగా, లాగితే సాగి వదిలితే ముడుచుకునే అల్లిక వస్తుంది, దీన్నే రిబ్ అంటారు. నిట్ నుంచి పర్ల్‌కి మారేటప్పుడు దారాన్ని రెండు సూదుల మధ్యనుంచి ముందుకు తెచ్చుకోవాలి, పర్ల్ నుంచి నిట్‌కి మారేటప్పుడు వెనక్కి పంపాలి. సూది మీంచి వేసేస్తే కుట్టు ఒకటి ఎక్కువ పుడుతుంది. ప్రతి నాలుగు వరుసలకు ఒకసారి కుట్లు లెక్కపెట్టుకోండి, 38 ఉంటే ముందుకి, 39 ఉంటే ఆగి వెతకండి. చివర్లో వదులుగా మూసేయండి, బిగిస్తే చెయ్యి దూరదు.

ఇప్పుడు ముక్కను నిలువుగా మడిచి, అంచులు రెండూ కలిపి అదే ఊలుతో కుట్టాలి. కిందనుంచి 10 సెంటీమీటర్లు కుట్టండి, తర్వాత నాలుగున్నర సెంటీమీటర్లు బొటనవేలికి వదిలేయండి, మిగిలిన మూడున్నర కుట్టేయండి. అంచుల్లో ఒక్కో కుట్టు లోపలికి పోతుంది కాబట్టి రెండువైపులా మిగిలిన ఒక్కో నిట్ కలిసి మళ్ళీ రెండు నిట్ గీతలా కనిపిస్తుంది, అతుకు ఎక్కడుందో బయటివాళ్ళకి తెలియదు. 38 అన్న లెక్క అందుకే. సన్నటి చేతులవాళ్ళకి 34, లావు చేతులకి 42, ఎప్పుడూ నాలుగేసి తేడాతో మార్చుకోండి.

అల్లుతుంటే ఎప్పుడో ఒకప్పుడు కుట్టు జారుతుంది, గుండె గుభేలుమంటుంది. సూదుల్ని కదపకుండా టేబుల్ మీద పెట్టి చూడండి. యాక్రిలిక్ అయితే ఈపాటికి నాలుగు వరుసలు కిందకి జారిపోయి నిచ్చెన మెట్లలా విడిపోయేది. ఈ ఊలు అలా జారదు, పొలుసులు పక్క పోగుల్ని పట్టుకుని ఉంటాయి కాబట్టి ఆ కుట్టు చిన్న చెవిలా నోరు తెరుచుకుని ఉన్నచోటే ఆగి ఉంటుంది. క్రోషా సూది దాంట్లోకి దూర్చి, పైనున్న అడ్డదారాన్ని అందుకుని లాగి, మళ్ళీ సూదికి ఎక్కించేయండి.

పొలుసుల రెండో ఉపకారం, దారం అయిపోయినప్పుడు ముడి వెయ్యక్కర్లేదు. పాత కొస, కొత్త కొస రెండూ ఐదారు సెంటీమీటర్ల మేర పురి విప్పి, పోగుల్ని కొంచెం విడదీసి, ఒకదానిమీద ఒకటి పరిచి, అరచేతిలో నాలుగు చుక్కల నీళ్ళు వేసుకుని, రెండు అరచేతుల మధ్య గట్టిగా, చెయ్యి వేడెక్కేదాకా రుద్దండి. అరనిమిషంలో రెండూ ఒకటే దారం అయిపోతాయి, లాగినా ఊడదు. మొదటిసారి చేసినప్పుడు నమ్మలేక నాలుగుసార్లు లాగి చూసుకున్నాను. టోపీని పాడుచేసిన గుణమే ఇక్కడ ముడిని తప్పిస్తుంది. సూపర్‌వాష్ మీద, యాక్రిలిక్ మీద ఇది కుదరదు.

టోపీ

చేతి తొడుగులు ఉతికి, వేసుకుని, కొలతలు మారాయో లేదో చూసుకున్నాకే ఇది. పెద్దవాళ్ళ తల సుమారు 54 నుంచి 57 సెంటీమీటర్లుంటుంది, టోపీ దానికంటే ఐదారు సెంటీమీటర్లు తక్కువ ఉంటేనే జారకుండా పట్టుకుంటుంది. 90 కుట్లు ఎక్కించండి, 60 నుంచి 70 గ్రాములు పడుతుంది. పైన చెప్పిన రిబ్ 6 సెంటీమీటర్లు, ఆ తర్వాత ఒక వరుస నిట్, ఒక వరుస పర్ల్, మొత్తం 14 సెంటీమీటర్లు వచ్చేదాకా. చెవులు పూర్తిగా మూతపడాలంటే రిబ్ 12 సెంటీమీటర్లు చేసి, మొత్తం 20కి తెచ్చి, కింది అంచు మడుచుకోవచ్చు, నాన్నకి రెండోసారి అలాగే అల్లాను. అప్పుడు ఊలు 100 గ్రాములు దగ్గర పెట్టుకోండి.

ఇక పైభాగం తగ్గించాలి. ముందువైపు వరుస: ఒక నిట్, తర్వాత ‘9 నిట్, రెండు కలిపి ఒకటి’ (రెండు కుట్లలోకి ఒకేసారి సూది దూర్చి నిట్) ఎనిమిదిసార్లు, ఆఖరున ఒక నిట్. 82 ఉంటాయి. తిప్పి వరుసంతా పర్ల్. మళ్ళీ ముందువైపు, అంచుల్లో ఒక్కో నిట్ అలాగే ఉంచి, ‘8 నిట్, రెండు కలిపి ఒకటి’ ఎనిమిదిసార్లు, 74. ఇలా ప్రతి ముందు వరుసలో మధ్యలోని నిట్ ఒకటి తగ్గించుకుంటూ, వెనక వరుసలు ఉత్త పర్ల్ వేసుకుంటూ పోతే తొమ్మిదో తగ్గింపుకి 18 కుట్లు మిగులుతాయి. పర్ల్ వరుస ఒకటి వేసి, తర్వాత రెండేసి కలిపేస్తే 9. అరమీటరు దారం వదిలి కత్తిరించి, ఊలు సూదితో ఆ తొమ్మిది కుట్లలోంచి దూర్చి గట్టిగా బిగించి, అదే దారంతో వెనక అతుకు కిందిదాకా కుట్టేయండి. కొసల్ని లోపలివైపు ఐదారు కుట్లు ఒకదిక్కు, ఇంకో ఐదారు ఎదురుదిక్కు పోనిచ్చి కత్తిరిస్తే చాలు, ఈ ఊలులో కొస బయటికి రాదు.

మఫ్లర్

దీనికి చెప్పడానికి ఎక్కువ లేదు. 200 గ్రాములు, 34 కుట్లు, అన్ని వరుసలూ నిట్, ప్రతి వరుసలో మొదటి కుట్టును అల్లకుండా కుడి సూదికి జరిపేస్తే అంచు జడలా నీటుగా వస్తుంది. ఉతికాక 20 సెంటీమీటర్ల వెడల్పు, 150 పొడవు ఉండాలంటే సూదుల మీద 140 దగ్గరే ఆపండి, ఈ అల్లిక నిలువుగా సాగుతుంది. నేను ఉతికిన ముక్క తడిగా ఉన్నప్పుడు ఎంత సాగిందో, ఆరాక ఎంత మిగిలిందో చూసుకుని ఆ లెక్క వేసుకుంటాను. బస్సులో, టీవీ ముందు, ఆస్పత్రిలో ఎవరికోసమైనా కూర్చున్నప్పుడు అల్లుకోవడానికి ఇది మంచి పని. చూపు అవసరం లేదు.

ఉతకడం, దాచడం

మెషీన్ వద్దు. సర్ఫ్ పొడులు వద్దు, చాలా డిటర్జెంట్లలో మాంసకృత్తుల మరకల్ని కరిగించే ఎంజైములుంటాయి, ఉన్ని కూడా మాంసకృత్తే, దాన్నీ కొరికేస్తాయి. బట్టల సోడా అసలే వద్దు. ఊలు బట్టలకని అమ్మే లిక్విడ్ వాడొచ్చు, లేదా మనింట్లో ఉండే కుంకుడుకాయలు. ఐదారు కాయలు గింజ తీసి రాత్రి నానబెట్టి, పొద్దున్నే పిసికి, పల్చటి బట్టలో వడకట్టి, సగం బకెట్ గోరువెచ్చని నీళ్ళలో కలపండి. చంటిపిల్లల స్నానానికి పెట్టే వేడికంటే కూడా తక్కువ, 30 డిగ్రీల దగ్గర. తెల్ల ఊలు అయితే రసం ఇంకా పలచగా, లేకపోతే పసుపుఛాయ పట్టొచ్చు. టోపీని ముంచి, మెల్లగా అదిమి, పావుగంట వదిలేయండి. రుద్దొద్దు, పిండొద్దు, కుళాయి ధార కింద పెట్టొద్దు. అదే వేడి ఉన్న నీళ్ళలో రెండుసార్లు ముంచి తీయండి, వేడినీళ్ళలోంచి చన్నీళ్ళలోకి మారిస్తే కుంచించుకుపోతుంది.

తీసేటప్పుడు రెండు చేతులా కింద పట్టి ఎత్తండి, ఒక కొస పట్టి లేపితే తడి బరువుకి సాగిపోతుంది. పొడి తువ్వాలు మీద పరిచి, చాపలా చుట్టి, మోకాలితో నొక్కితే నీళ్ళన్నీ తువ్వాలు పీల్చేస్తుంది. తర్వాత నీడలో, మంచం మీదో బల్ల మీదో ఇంకో తువ్వాలు వేసి, చేత్తో కొలత సరిచేసి పరిచేయండి. దండెం మీద వేలాడదీయొద్దు. కోస్తాలో ఉక్కకి రెండు రోజులు పట్టొచ్చు, ఫ్యాన్ వేసి ఉంచండి, పూర్తిగా ఆరకుండా మడిస్తే ముక్కిపోయిన వాసన వదలదు.

ప్రతిసారీ ఉతకాల్సిన పనిలేదు కూడా, రాత్రంతా గాలి తగిలేలా పరిస్తే చెమట వాసన పోతుంది. చలికాలం అయ్యాక మాత్రం తప్పకుండా ఉతికే దాచాలి, ఎందుకంటే ఉన్నిని తినే చిమ్మటల పిల్లపురుగులకి చెమట, తిండి మరకలు ఉన్న చోటంటే మరీ ఇష్టం. బాగా ఆరాక మూత గట్టిగా పట్టే డబ్బాలోనో జిప్ కవర్లోనో పెట్టండి. ఎండిన వేపాకు వెయ్యడం మా ఇంట్లో అలవాటు, కానీ ఒక్క దాన్నే నమ్ముకోకుండా నెలకోసారి తీసి దులిపి చూస్తాను. కలరా ఉండలు నేను వెయ్యను, ఆ వాసన ఊలులోంచి పోదు, పిల్లలున్న ఇంట్లో అవి మంచివీ కావు. సన్న చిల్లు ఎక్కడైనా కనబడితే కవర్లో పెట్టి గాలి తీసేసి వారంరోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచండి, పురుగు చస్తుంది.

ఎవరికైనా ఇచ్చేటప్పుడు ఒక చిన్న చీటీ కూడా రాసి పెట్టండి, ‘మెషీన్‌లో వెయ్యొద్దు, గోరువెచ్చని నీళ్ళు, కుంకుడు రసం, పరిచి ఆరబెట్టాలి’ అని. నాన్న రెండో టోపీకి ఆ చీటీని అమ్మ వాషింగ్ మెషీన్ మూతకే అతికించింది. ఇక మొదట్లో అల్లి ఉతికిన ఆ ముక్క, దాన్ని విప్పేసి ఆ దారాన్ని అట్టముక్కకి చుట్టి, టోపీతో పాటే డబ్బాలో పెట్టండి. చిల్లు పడితే రఫూ చేసుకోవడానికి అదే ఊలు, అన్నిసార్లు ఉతికిన దానితో రంగు కలిసే ఊలు, అప్పుడు ఇంకెక్కడా దొరకదు.